మాట్లాడే వస్తువులు – మారుతున్న వ్యాపారం

ఉద్దేశం

అమ్ముడుపోయిన తరువాత కూడా తయారీదారుతో సంబంధం తెగని వస్తువులు నేటి వ్యాపారాన్ని ఏ విధంగా మారుస్తున్నాయో, ఆ మార్పులో లాభనష్టాలు ఎవరెవరికి చేరుతున్నాయో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

వ్యాపారానికి పద్దు పుస్తకం ప్రాణం. ఏ సరకు ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఎవరు ఎంత బాకీ ఉన్నారు అన్న వివరాలు తెలియని వర్తకుడు ఎక్కువకాలం నిలువలేడు. పల్లెటూరి కిరాణా కొట్టు యజమాని ఈ లెక్కలలో కొంత కాగితం మీద, ఎక్కువ భాగం మనసులో ఉంచుకొనేవాడు. ఏ ఇంట్లో పెళ్లి జరగబోతున్నదో, ఎవరి చేను కోతకు వచ్చిందో, ఏ పండుగకు ఎంత బెల్లం అమ్ముడుపోతుందో అతనికి తెలుసు. ఆ తెలివిడే అతని అసలు పెట్టుబడి. అయితే సరకు కొట్టు గడప దాటిన తరువాత ఏమైందో తెలుసుకొనే మార్గం అతనికి లేదు. అమ్మకంతో అతని పని ముగిసేది.

పెద్ద పెద్ద యంత్రాలను తయారుచేసే సంస్థల పరిస్థితి కూడా చాలాకాలం ఇంతే. యంత్రాన్ని కొన్నవాడు దానిని ఎలా వాడుతున్నాడో, ఏ భాగం ముందుగా అరుగుతున్నదో, అది చెడిపోయి తిరిగి వచ్చినప్పుడే వారికి తెలిసేది. ఇరవయ్యొకటో శతాబ్దంలో ఈ స్థితి మారింది. అమ్ముడుపోయిన యంత్రమే తన క్షేమ సమాచారాన్ని ఎప్పటికప్పుడు తయారీదారుకు పంపడం ఆరంభించింది. పద్దు పుస్తకం గడప దాటింది. వ్యాపార వ్యూహాలు మారడానికి మూలం ఇక్కడే ఉంది.

భావన పుట్టుక

1980ల ఆరంభంలో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ కంప్యూటర్ విభాగంవారు తమ భవనంలోని శీతల పానీయాల యంత్రాన్ని కంప్యూటరుకు అనుసంధానించారు. యంత్రంలో సీసాలు ఉన్నాయా, ఉంటే అవి చల్లబడ్డాయా అన్నది తమ స్థానం నుండి కదలకుండానే తెలుసుకోవాలన్నది వారి కోరిక. వినోదంగా చేసిన ఈ ప్రయత్నం, వస్తువు తన స్థితిని తానే తెలియజేయగలదన్న భావనకు తొలి నిదర్శనాలలో ఒకటిగా నిలిచింది.

ఈ భావనకు పేరు మాత్రం ఒక వ్యాపార సమస్య నుండి వచ్చింది. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ సంస్థలో పనిచేసిన కెవిన్ ఆష్టన్ ఒక విచిత్రాన్ని గమనించాడు. ఆ సంస్థ తయారుచేసే ఒక రంగు లిప్‌స్టిక్ దుకాణాల అరలలో తరచు ఖాళీ అయిపోయేది. గిడ్డంగిలో సరకు ఉన్నా అర ఖాళీగా ఉన్న సంగతి ఎవరికీ తెలిసేది కాదు. ప్రతి వస్తువుకు రేడియో తరంగాలతో గుర్తింపు తెలిపే చిన్న చీటీని అతికిస్తే, అర ఖాళీ అయిన క్షణమే ఆ సమాచారం కంప్యూటరుకు చేరుతుందని ఆయన వాదించాడు. ఆ వాదనను సంస్థ అధికారుల ముందు ఉంచుతూ 1999లో ఆయన వాడిన పేరే 'ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్'. దీనిని తెలుగులో 'వస్తువుల అంతర్జాలం' అనవచ్చు.

ఈ వ్యవస్థకు మూడు అంగాలు ఉంటాయి. వేడి, ఒత్తిడి, కంపనం, తేమ, వేగం వంటి వాటిని కొలిచే సెన్సర్లు మొదటి అంగం. ఆ కొలతలను దూరానికి చేరవేసే అనుసంధానం రెండవది. చేరిన కొలతలను భద్రపరచి, పోల్చి, అర్థం చెప్పే కంప్యూటర్లు మూడవది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకున్నా తక్కిన రెండూ నిరర్థకమే.

సమాచార మహారాశి

లక్షలాది పరికరాలు క్షణక్షణం కొలతలు పంపుతుంటే సమాచారం కొండలా పెరుగుతుంది. దీనినే 'బిగ్ డేటా' అంటున్నారు. డగ్ లేనీ అనే విశ్లేషకుడు 2001లో ఇటువంటి సమాచారానికి మూడు లక్షణాలను చెప్పాడు. అవి పరిమాణం, వేగం, వైవిధ్యం. రాశి పెద్దది, వచ్చే వేగం ఎక్కువ, రూపాలు అనేకం. పాత పద్ధతి లెక్కల పుస్తకాలు దీనికి చాలవు.

రాశిలో దాగిన విషయం ఒక్కొక్కప్పుడు అనుభవజ్ఞులకు కూడా తట్టదు. 2004లో ఫ్రాన్సిస్ అనే తుఫాను అమెరికాలోని ఫ్లోరిడా తీరాన్ని సమీపిస్తున్నప్పుడు, వాల్‌మార్ట్ సంస్థ అంతకు కొన్ని వారాల ముందు వచ్చిన మరో తుఫాను నాటి అమ్మకాలను పరిశీలించింది. తుఫానుకు ముందు ప్రజలు టార్చిలైట్లు కొంటారని ఎవరైనా ఊహిస్తారు. అయితే స్ట్రాబెర్రీ రుచిగల పాప్‌టార్ట్స్ అనే తినుబండారం మామూలు కంటే ఏడు రెట్లు అమ్ముడుపోతుందని ఆ లెక్కలలో తేలింది. పొయ్యి వెలిగించకుండా తినగలిగే, నిలువ ఉండే ఆహారం కావడం ఇందుకు కారణం కావచ్చు. తుఫాను దారిలోని దుకాణాలకు లారీలు ముందుగానే ఆ సరకుతో బయలుదేరాయి. కిరాణా వర్తకుడు మనసులో వేసుకొనే అంచనానే ఇక్కడ వేలాది దుకాణాల లెక్కలతో యంత్రం వేసింది.

యంత్రం కాదు, దాని పని

సమాచారం వ్యాపార స్వరూపాన్నే మార్చగలదని విమాన ఇంజన్ల చరిత్ర చెబుతుంది. 1962లో బ్రిటన్‌కు చెందిన బ్రిస్టల్ సిడ్లీ సంస్థ చిన్న జెట్ విమానాలలో వాడే తన వైపర్ ఇంజన్లకు ఒక కొత్త ఏర్పాటు ప్రకటించింది. ఇంజన్ ఎన్ని గంటలు ఎగిరితే గంటకు ఇంత చొప్పున కొనుగోలుదారు రుసుము చెల్లిస్తాడు. మరమ్మతులు, విడిభాగాల బాధ్యత సంస్థ వహిస్తుంది. తరువాత ఆ సంస్థను రోల్స్‌రాయిస్ తనలో కలుపుకొని, ఈ పద్ధతిని పెద్ద విమానాల ఇంజన్లకు విస్తరింపజేసింది.

పూర్వ పద్ధతిలో ఇంజన్ ఎంత తరచుగా చెడిపోతే విడిభాగాల అమ్మకం అంతగా పెరిగేది. కొన్నవాని కష్టం అమ్మినవానికి ఆదాయం. కొత్త పద్ధతిలో ఇంజన్ ఆగితే సంస్థకే నష్టం. అందువల్ల అది చెడిపోకుండా చూడడం సంస్థ స్వప్రయోజనమే అయింది. ఇరుపక్షాల మేలు ఒకే దిశకు వచ్చింది.

ఇటువంటి ఒప్పందంలో తయారీదారు పెద్ద బరువును నెత్తికెత్తుకొంటాడు. ఆ బరువును మోయడానికి సెన్సర్లు తోడ్పడ్డాయి. ఆకాశంలో ఎగురుతున్న ఇంజన్‌లోని ఉష్ణోగ్రత, పీడనం, కంపనాల వివరాలు ఉపగ్రహాల ద్వారా నేలకు చేరుతాయి. నిపుణులు వాటిని అదే రకం ఇంజన్ల పాత కొలతలతో పోల్చుతారు. ఏదైనా భాగం తీరు తప్పుతున్నట్లు కనిపిస్తే, విమానం దిగేసరికి అవసరమైన భాగాన్ని సిద్ధం చేయించగలుగుతారు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనే మరమ్మతు పోయి, కాలకముందే జాగ్రత్తపడే మరమ్మతు వచ్చింది.

అయితే ఈ వ్యూహంలో అపాయం కూడా ఉంది. 2020లో కోవిడ్ మహమ్మారి వల్ల విమానాలు నేలకు పరిమితమైనప్పుడు ఎగిరిన గంటలు పడిపోయాయి, వాటితో పాటు రోల్స్‌రాయిస్ ఆదాయమూ పడిపోయింది. ఆ ఏడాది మే నెలలో తొమ్మిది వేల ఉద్యోగాలను తగ్గిస్తున్నట్లు సంస్థ ప్రకటించింది. ఇంజన్లలో ఏ లోపమూ లేదు. ఇంజన్ పనిలేక నిలిచిపోతే నష్టం దాని తయారీదారుదే అన్నది ఆ ఒప్పంద స్వభావం.

ఇల్లు అలకగానే పండుగ కాదు

సెన్సర్లు అమర్చి, సమాచారం పోగుచేసినంత మాత్రాన లాభం రాదు. అమెరికాకు చెందిన జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ అనుభవం ఇందుకు ఉదాహరణ. ఇంజన్లు, టర్బైన్లు, వైద్య పరికరాలు తయారుచేసే ఈ సంస్థ 2011లో కాలిఫోర్నియాలోని శాన్ రామోన్‌లో సాఫ్ట్‌వేర్ కేంద్రాన్ని నెలకొల్పింది. ప్రపంచంలోని పరిశ్రమలన్నింటి యంత్రాల సమాచారాన్ని 'ప్రెడిక్స్' అనే ఒకే వేదిక మీదకు తేవాలని సంకల్పించింది. 2020 నాటికి ప్రపంచంలోని తొలి పది సాఫ్ట్‌వేర్ సంస్థలలో ఒకటి కావాలని నాటి అధినేత జెఫ్ ఇమెల్ట్ లక్ష్యం నిర్ణయించాడు.

ఆ లక్ష్యం నెరవేరలేదు. ఒక్కొక్క కర్మాగారంలో ఒక్కొక్క కాలపు యంత్రాలు ఉంటాయి. వాటి కొలతల రూపాలు వేరు, వాటి సమస్యలు వేరు. అన్నింటికీ సరిపడే ఒకే వేదికను నిర్మించడం ఊహించిన దానికంటే కష్టమైంది. సొంత సమాచార నిలయాలను నడిపే ఆలోచనను సైతం విడిచి, అమెజాన్, మైక్రోసాఫ్ట్ సంస్థల వసతులను ఆశ్రయించవలసి వచ్చింది. 2017లో ఇమెల్ట్ పదవి నుండి తప్పుకొన్నాడు. ఇతర రంగాలలోని నష్టాలు కూడా తోడై ఆ మహాసంస్థ చివరికి 2024 నాటికి మూడు సంస్థలుగా విడిపోయింది. ఏ ప్రశ్నకు జవాబు కావాలో ముందుగా నిర్ణయించుకోకుండా సమాచారాన్ని పోగుచేయడం, వంట ఏమిటో తెలియకుండా సరకులు కొనడం వంటిది.

లెక్క ఎవరి చేతిలో?

సమాచారం విలువైనదైనప్పుడు అది ఎవరిదన్న వివాదం తప్పదు. అమెరికా పొలాలలో ఈ వివాదం ప్రత్యక్షంగా కనిపించింది. 1837లో నాగళ్ల తయారీతో ఆరంభమైన జాన్ డీర్ సంస్థ నేడు ఉపగ్రహాల సాయంతో చాలు తప్పకుండా నడిచే ట్రాక్టర్లను, పొలంలో ఏ మూల ఎంత పంట పండిందో నమోదుచేసే కోత యంత్రాలను తయారుచేస్తున్నది. పైరును, కలుపును వేరుగా గుర్తించి కలుపు మీదనే మందు చల్లే విద్య కోసం 2017లో బ్లూ రివర్ టెక్నాలజీ అనే సంస్థను కొనుగోలు చేసింది. దీనివల్ల మందు ఖర్చు తగ్గుతుంది. నేలకూ మేలు కలుగుతుంది.

అయితే యంత్రం మొరాయించినప్పుడు లోపం ఎక్కడుందో పూర్తిగా చూపగల సాఫ్ట్‌వేర్ సంస్థ డీలర్ల వద్దనే ఉండడం రైతులకు ఇబ్బంది కలిగించింది. కోతల కాలంలో ఒక్కరోజు ఆలస్యమైనా, వాన పడితే పంట చేతికి రాదు. తన డబ్బుతో కొన్న యంత్రాన్ని తాను బాగుచేసుకోలేని స్థితిని రైతులు ప్రశ్నించారు. భద్రత, కాలుష్య నియమాల దృష్ట్యా కొన్ని పరిమితులు అవసరమని సంస్థ వాదించింది. 2023లో కొలరాడో రాష్ట్రం రైతులకు మరమ్మతు హక్కును కల్పిస్తూ చట్టం చేసింది. 2025 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇదే విషయమై ఆ సంస్థపై న్యాయస్థానంలో దావా వేసింది. ఐరోపా సమాఖ్య మరొక అడుగు ముందుకు వేసింది. అనుసంధానిత పరికరం వెలువరించే సమాచారాన్ని పొందే హక్కు దానిని వాడేవారికి ఉండాలన్న చట్టం అక్కడ 2025 సెప్టెంబరు 12 నుండి వర్తిస్తున్నది.

భారతదేశంలో 2017లో సర్వోన్నత న్యాయస్థానం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు ఇచ్చింది. 2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టాన్ని ఆమోదించింది. అయితే ఇది వ్యక్తిని గుర్తించగల సమాచారానికి సంబంధించిన చట్టం. వ్యక్తితో ముడిపడని యంత్రాల కొలతలు, నేల తేమ లెక్కలు దాని పరిధిలోకి రావు.

తెలుగు నేలపై ఒక ప్రయోగం

సమాచారం సామాన్యునికి ఉపయోగపడాలంటే ప్రతి చేతిలో ఖరీదైన పరికరం ఉండనక్కరలేదని కర్నూలు జిల్లాలో జరిగిన ప్రయోగం చూపింది. 2016 ఖరీఫ్‌లో పటాన్‌చెరులోని ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ సంస్థలు కలసి దేవనకొండ మండలంలో 175 మంది రైతులకు వేరుశనగ విత్తనం ఎప్పుడు వేయాలో తెలుగులో సంక్షిప్త సందేశాల ద్వారా తెలియజేశాయి. రైతుల పొలాలలో ఏ సెన్సరూ అమర్చలేదు. మూడు దశాబ్దాల వాతావరణ వివరాలను విశ్లేషించి, నేలలో తగినంత పదును ఉండే సమయాన్ని లెక్కగట్టారు. తొలకరి చినుకులకే తొందరపడక కొంతకాలం ఆగమన్నది సలహా. దానిని పాటించిన రైతులకు సగటున 30 శాతం అధిక దిగుబడి వచ్చినట్లు ఆ సంస్థలు ప్రకటించాయి.

మెట్ట రైతుకు విత్తు అదను తప్పితే ఆ ఏటి శ్రమ మట్టిపాలవుతుంది. అందువల్ల ఆ ఒక్క సందేశం విలువ చాలా గొప్పది. అయితే ఏ మండలంలో ఎప్పుడు విత్తనాలు పడతాయి, పంట ఎంత రావచ్చు అన్న లెక్కలు విత్తనాలు అమ్మేవారికి, బీమా సంస్థలకు, ధాన్య వర్తకులకు కూడా అంతే విలువైనవి. ఒకే సమాచారం రైతు చేతిలో ఉంటే బేరమాడే బలం అవుతుంది. వర్తకుని చేతిలోనే ఉంటే రైతును బేరంలో లొంగదీసే సాధనం కావచ్చు.

ముగింపు

వస్తువులు మాట్లాడడం నేర్చాయి. వాటి మాటలను వినగలిగిన వ్యాపారి వృథాను తగ్గించగలడు, నష్టాన్ని ముందుగా పసిగట్టగలడు, కొనుగోలుదారుతో సంబంధాన్ని ఏళ్ల తరబడి నిలుపుకోగలడు. అయితే పద్దు పుస్తకం ఒక్కరి వద్దనే ఉన్న వ్యాపారంలో రెండవవాడు ఎప్పుడూ అనుమానంతోనే ఉంటాడు. పల్లెటూరి వర్తకుడు నెలాఖరున ఖాతా తెరిచి చూపినప్పుడే నమ్మకం నిలిచేది. నేటి సంస్థలకు కూడా ఆ నీతి వర్తిస్తుంది. సమాచారాన్ని సేకరించే నేర్పుతో పాటు, దానిని దాని మూలకారకులకు చూపే నిజాయితీ కూడా ఉన్న వ్యాపారమే చిరకాలం నిలుస్తుంది.

అభ్యాసం

అ) ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. గంటల చొప్పున రుసుము తీసుకొనే పద్ధతి విమాన ఇంజన్ల వ్యాపారాన్ని ఎలా మార్చిందో, అందులోని అపాయమేమిటో వివరించండి.
2. 'లెక్క ఎవరి చేతిలో ఉన్నది' అన్న ప్రశ్న రైతుకు ఎందుకు ముఖ్యమో పాఠ్యభాగం ఆధారంగా చర్చించండి.

ఆ) ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహంగా సమాధానాలు రాయండి.
1. 'వస్తువుల అంతర్జాలం' అన్న పేరుకు దారితీసిన సమస్య ఏది?
2. డగ్ లేనీ చెప్పిన మూడు లక్షణాలు ఏవి?
3. జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ అనుభవం బోధించే పాఠం ఏమిటి?
4. దేవనకొండ మండల ప్రయోగంలో విత్తే సమయాన్ని ఎలా లెక్కగట్టారు?