పొలము ప్లాట్లుగా మారునపుడు పంచాయతీ కర్తవ్యము

విజయనగరం జిల్లాలో సముద్రతీరమునకు చేరువగా, 16వ నంబరు జాతీయ రహదారిపై నున్న భోగాపురం మండలమున కొన్ని సంవత్సరములుగా భూమి రూపము త్వరితముగా మారుచున్నది. జీడిమామిడి, సరుగుడు, కొబ్బరి తోటలు పెరిగిన నేలలలో నేడు రంగు వేసిన సరిహద్దు రాళ్లు వరుసలుగా కానవచ్చుచున్నవి. ఇచ్చట 2,203 ఎకరములలో తలపెట్టిన అంతర్జాతీయ విమానాశ్రయమునకు 2023వ సంవత్సరము మే 3వ తేదీన శంకుస్థాపన జరిగినది. విమానాశ్రయపు వార్త వెలువడిన నాటినుండి చుట్టుపట్ల గ్రామములలో ఎకరముల లెక్క పోయి గజముల లెక్క వచ్చినది.

ఇట్టి మార్పు వచ్చినపుడు గ్రామ పంచాయతీ సభ్యుల ముందునకు ఒక కొత్త బాధ్యత వచ్చును. ఒక భూస్వామియో, ఒక వ్యాపార సంస్థయో కొన్ని ఎకరముల పొలమును ఇండ్ల స్థలములుగా విభజించుటకు పటము గీయించి దరఖాస్తు పెట్టుకొనును. దీనినే మనము లేఅవుట్ అనుచున్నాము. ఈ దరఖాస్తును పంచాయతీ ఏ దృష్టితో చూడవలెను? ఏయే విషయములను విచారింపవలెను? ఈ ప్రశ్నలకు సమాధానము ప్రతి సభ్యుడును ఎరిగియుండుట అవసరము.

అమ్మినవాడు పోవును, పంచాయతీ మిగులును

తన భూమిని తాను అమ్ముకొనుటకు రైతునకు హక్కు కలదు. ఇల్లు కట్టుకొనుటకు స్థలము కొనుట సామాన్య కుటుంబీకుని న్యాయమైన కోరిక. కావున లేఅవుట్ అనగానే అనుమానించి అడ్డుపడుట పంచాయతీకి తగిన పని కాదు. కాని యొక విషయము మరువరాదు. ప్లాట్లు అమ్ముడైన పిదప అమ్మినవాడు లాభము తీసికొని వెడలిపోవును. ఆ స్థలములో వీధిదీపము వెలిగించుట, మురుగు తీయుట, చెత్త ఎత్తుట, త్రాగునీరు సరఫరా చేయుట అనునవి పంచాయతీపై శాశ్వతముగా నిలిచిపోవును. నేడు పటముపై ఒక గీత తప్పుగా పడినచో, దాని ఫలితమును రేపటి సభ్యులును, వారి పిల్లలును అనుభవింపవలసివచ్చును. అందుచేత లేఅవుట్ అనునది క్రయవిక్రయ వ్యవహారము మాత్రమే కాదు. అది గ్రామమునకు ఒక కొత్త పేటను చేర్చుకొనుట.

గ్రామమనగా ఇండ్ల సముదాయము మాత్రమే కాదనునది భోగాపురం ప్రాంతీయులకు వేరుగా చెప్పనక్కరలేదు. విమానాశ్రయము కొరకు మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట వాసులు తమ యిండ్లను విడిచి పోలిపల్లి, గూడెపువలసల వద్ద ఏర్పరచిన కాలనీలకు తరలవలసివచ్చినది. ఇల్లు మారినపుడు చెరువు, శ్మశానము, పశువుల దారి, దేవుని గుడి ముంగిలి అన్నియు మరల వెదకుకొనవలసినవే. కొత్తగా వెలయు లేఅవుటులో కాపురముండు వారికిని ఇవన్నియు కావలెను.

అనుమతి నొసగు విధానము

భోగాపురం మండలము విశాఖపట్టణ మహానగర ప్రాంతాభివృద్ధి సంస్థ పరిధిలో చేరియున్నది. 1978లో ఏర్పడిన విశాఖపట్టణ నగరాభివృద్ధి సంస్థ స్థానమున 2018లో ఈ సంస్థ ఏర్పాటైనది. ఇట్టి సంస్థల పరిధిలో లేఅవుటుకు అనుమతి నొసగు అధికారము ఆ సంస్థలదే. వాటి పరిధిలో లేని గ్రామముల విషయమున, దరఖాస్తును పంచాయతీ స్వీకరించి, సాంకేతిక ఆమోదము నిమిత్తము పట్టణ గ్రామ ప్రణాళికా శాఖకు పంపు విధానమును 2002వ సంవత్సరపు గ్రామ పంచాయతీ భూమి అభివృద్ధి నియమములు నిర్దేశించినవి. 2017లో లేఅవుట్లకు, స్థల విభజనకు ప్రత్యేక నియమములు వెలువడినవి. ఈ నియమములు అప్పుడప్పుడు సవరింపబడుచుండును గనుక, రోడ్ల వెడల్పు మొదలగు కొలతలను పాత జ్ఞాపకముపై ఆధారపడి నిర్ణయింపక, దరఖాస్తు నాటికి అమలులోనున్న నియమమేదో పంచాయతీ కార్యదర్శి ద్వారా తెలిసికొనవలెను. సాగుభూమిని ఇతర ప్రయోజనములకు మార్చుటకు సంబంధించిన నిబంధనలును ఇట్లే తహసీలుదారు కార్యాలయమున విచారింపదగినవి.

అనుమతి నొసగునది పై సంస్థయే గదా, మనకేమి పని యని కొందరు సభ్యులు తలంతురు. ఇది పొరపాటు. పై అధికారికి పటము కనబడును. నేల కనబడుట అరుదు. వానకాలమున నీరెచ్చట నిలుచునో, పశువులు ఏ దారిన పోవునో, శవము ఏ బాటన సాగునో గ్రామస్థులకే తెలియును. ఆ తెలివిడిని కాగితముపై పెట్టి సకాలములో పై అధికారికి అందజేయుటయే పంచాయతీ చేయగల గొప్ప ఉపకారము.

పటమునకు ముందు నేలను చూడవలెను

దరఖాస్తు వచ్చినపుడు సభ్యులు మొదట ఆ భూమికి స్వయముగా పోయి చూడవలెను. గ్రామ రెవిన్యూ అధికారిని, సర్వేయరును తోడు తీసికొనిపోవుట మేలు. సర్వే నంబర్లను అడంగలుతోను, గ్రామపటముతోను, కొలతల పుస్తకముతోను పోల్చి చూడవలెను. విజయనగర సంస్థానము మొదలగు జమీందారీలు విస్తరించియుండిన ఈ ప్రాంతమున, 1948వ సంవత్సరపు ఎస్టేటుల రద్దు చట్టము వచ్చిన తరువాతనే రైతువారీ లెక్కలు ఏర్పడినవి. కావున పాత దస్తావేజులోని మాటకు, నేటి రికార్డులోని మాటకు భేదము లేదని నిర్ధారణ చేసికొనవలెను. ప్రభుత్వము పేదలకిచ్చిన డి-పట్టా భూములు ఆ విస్తీర్ణములో కలిసియున్నవా అని తప్పక విచారింపవలెను. అట్టి భూముల బదిలీని 1977వ సంవత్సరపు చట్టము నిరోధించినది. తరువాత వచ్చిన సవరణలు ఎవరికి, ఏ షరతులపై వర్తించునో తహసీలుదారు మాత్రమే నిశ్చయముగా చెప్పగలరు. రిజిస్ట్రేషను నిషేధ జాబితాలో ఆ సర్వే నంబరు కలదేమో చూచుట కూడ అవసరమే.

తరువాత గెడ్డలు, చెరువులు. ఉత్తరాంధ్రలో వేసవియందు ఎండి, వానకాలమున పొంగి పారు గెడ్డలు అనేకములు కలవు. ఎండాకాలమున వచ్చి చూచిన కొనుగోలుదారునికి అది చదునైన నేలవలె తోచును. తూర్పు కనుమలనుండి దిగివచ్చు నీరు చంపావతి, గోస్తనీ నదుల ద్వారాను, ఈ చిన్న గెడ్డల ద్వారాను సముద్రమున కలియవలెను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫానును, 2021 సెప్టెంబరులో గులాబ్ తుఫానును చూచిన తీరమిది. గెడ్డను పూడ్చి వేసిన ప్లాటులోనికి నీరు రాక మానదు. ఆ ప్లాటును దాటలేని నీరు పైనున్న పొలములలో నిలిచిపోవును. చెరువులను, నీటివనరులను రక్షించుటకు 2002లో నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టము వచ్చినది. గెడ్డ, చెరువు, వాటి గట్టు ఎట్టి పరిస్థితిలోను ప్లాట్లలో చేరరాదు.

ముక్కాం, చేపలకంచేరు వంటి తీరగ్రామములలో మరియొక విషయము కలదు. సముద్రపు పోటు మిక్కిలిగా వచ్చు రేఖనుండి 500 మీటర్ల లోపలి భూమి తీరప్రాంత నియంత్రణ నిబంధనలకు లోబడియుండును. అట్టి స్థలమున సాధారణపు లేఅవుట్ అనుమతి మాత్రము చాలదు. వలలు ఆరబెట్టు స్థలము, పడవలు ఒడ్డుకు చేర్చు దారి మూసివేయబడినచో మత్స్యకారుల జీవనమునకే భంగము.

నూటికి పది

లేఅవుటు విస్తీర్ణములో నూటికి 10 వంతులు ఉమ్మడి ఖాళీస్థలముగా విడువవలెనని నియమము. ఆ స్థలమును, రోడ్లను రిజిస్టరు చేసిన దానపత్రము ద్వారా స్థానిక సంస్థకు ఉచితముగా అప్పగింపవలెను. దీని విలువ యెంతయో ఒక లెక్కతో చూతము. ఐదు ఎకరముల భూమి యనగా 24,200 గజములు. అందు నూటికి పదివంతులు 2,420 గజములు, అనగా అర్ధ ఎకరము. 200 గజముల ప్లాట్లుగా అమ్మినచో అది పండ్రెండు ప్లాట్లు. కావుననే కొందరు ఈ స్థలమును మిట్టపల్లములు గల మూలకు నెట్టుటకో, గెడ్డలోని భూమినే ఖాళీస్థలముగా చూపుటకో, కొన్నాళ్లు ఊరకుండి దానినే ప్లాట్లుగా అమ్ముటకో ప్రయత్నింతురు. ఆ పండ్రెండు ప్లాట్ల స్థలమే రేపు పిల్లలు ఆడుకొను స్థలము, అంగన్‌వాడీ కేంద్రము, నీటి ట్యాంకు. దానపత్రము రిజిస్టరు కాకుండ ఈ స్థలము పంచాయతీకి చెందదు. రిజిస్టరైన వెంటనే ఆస్తుల రిజిష్టరులో వ్రాసి, హద్దురాళ్లు నాటి, బోర్డు పెట్టించుట పంచాయతీ కర్తవ్యము.

రోడ్లు, కాలువలు, నీటి సరఫరా, విద్యుత్తు ఏర్పాట్లను లేఅవుటు వేసినవారే పూర్తిచేయవలెను. ఇందుకు హామీగా ప్లాట్లలో కొంతభాగమును, సాధారణముగా నూటికి 15 వంతులను, అనుమతించు సంస్థకు తాకట్టు పెట్టుదురు. పనులు నిజముగా పూర్తియైన పిదపనే ఆ తాకట్టు విడుదల కావలెను. పని పూర్తికాలేదని సభ్యులెరిగినచో ఆ విషయమును వెంటనే వ్రాతపూర్వకముగా సంస్థకు తెలుపవలెను. తాకట్టు విడుదలైన తరువాత చేసిన ఫిర్యాదునకు బలము తక్కువ.

నీరు, దారి

అదే ఐదెకరములలో అరువది ఇండ్లు వెలసి, ఇంటికి ఐదుగురు చొప్పున మూడువందల మంది నివసించిరనుకొందము. జల జీవన్ పథకపు కొలత ప్రకారము మనిషికి దినమునకు 55 లీటర్లు. మొత్తము 16,500 లీటర్ల నీరు ప్రతిదినము కావలెను. తీరప్రాంతమున బోర్లు లోతుగా వేసి మితిమీరి తోడినచో ఉప్పునీరు లోపలికి చొచ్చుకొనివచ్చు ప్రమాదము కలదు. ఆ నష్టము కొత్త పేటకు మాత్రమే కాదు, పాత గ్రామపు బావులకు కూడ. నీరెచ్చటనుండి వచ్చునను ప్రశ్నకు సమాధానము లేని లేఅవుటు అసంపూర్ణమని భావింపవలెను. మురుగునీరు ఎచ్చటికి పోవుననునది రెండవ ప్రశ్న. అది గ్రామపు చెరువులోనికి పోవునట్లున్నచో అభ్యంతరము తెలుపవలెను. మూడవది దారి. లోపలి రోడ్లు ఎంత వెడల్పుగా నున్నను, ఊరి రహదారికి చేరు బాట ఇరుకైనచో అగ్నిమాపక శకటమును, రోగిని తీసికొనిపోవు వాహనమును అచ్చటికి చేరనేరవు. ప్రక్క పొలముల రైతుల బండిదారి మూయబడలేదని కూడ చూడవలెను.

అనుమతి లేని ప్లాట్లు

అనుమతి లేకయే రాళ్లు పాతి ప్లాట్లు అమ్ముట పలుచోట్ల జరుగుచున్నది. ఇందులో నష్టపోవునది అమ్మినవాడు కాదు, కష్టార్జితము పెట్టి కొనిన కుటుంబము. ఇట్టి ప్లాట్లను క్రమబద్ధము చేయుటకు ప్రభుత్వము 2020లోను, 2025లోను పథకములను ప్రకటించినది. కాని ఆ రుసుమును చెల్లింపవలసినది కొనినవాడే. రుసుము చెల్లించినను విడువని ఖాళీస్థలము తిరిగి రాదు, పూడ్చిన గెడ్డ మరల పారదు. 2016వ సంవత్సరపు స్థిరాస్తి నియంత్రణ చట్టము ప్రకారము 500 చదరపు మీటర్లకు మించిన లేఅవుటును నమోదు చేయింపక ప్రకటించుట, అమ్ముట చెల్లదు. కొనువారు అనుమతి సంఖ్యను, నమోదు సంఖ్యను అడుగవలెనని గ్రామసభలో చాటింపు వేయించి, అనుమతి గల లేఅవుట్ల జాబితాను పంచాయతీ కార్యాలయపు గోడపై అంటించినచో, ఎందరో మోసపోకుండ కాపాడినవారమగుదుము.

ఉమ్మడి భూమిని కాపాడుటలో పంచాయతీ పట్టుదల యెంత ముఖ్యమో తెలుపు ఒక తీర్పు కలదు. పంజాబులోని పటియాలా జిల్లా రోహర్ జాగీర్ గ్రామమున కొందరు చెరువు భూమిని పూడ్చి ఇండ్లు కట్టిరి. ధర వసూలు చేసికొని వారిని ఉండనిమ్మని ఒక దశలో ఉత్తర్వు వెలువడినది. ఆ వ్యాజ్యము సుప్రీంకోర్టు వరకు పోయినది. 2011 జనవరి 28న న్యాయస్థానము ఆక్రమణదారుల వాదమును త్రోసిపుచ్చి, గ్రామ ఉమ్మడి భూముల నుండి ఆక్రమణలను తొలగించుటకు ప్రణాళికలు సిద్ధపరుపవలెనని అన్ని రాష్ట్రములను ఆదేశించినది. డబ్బు చెల్లించినంత మాత్రమున చెరువు ఇంటిస్థలము కాజాలదని దీని సారాంశము.

తీర్మానము ఎట్లుండవలెను

"అభ్యంతరము లేదు" అని ఒక్క పంక్తి వ్రాసి సంతకములు చేయుట తీర్మానము కాదు. "ఒప్పుకొనము" అని ఊరకే వ్రాయుటయు తీర్మానము కాదు. సభ్యులు నేలను ఏనాడు చూచిరి, రికార్డులలో ఏమి కనుగొనిరి, నీరు, దారి, మురుగు, ఖాళీస్థలము విషయమున వారి అభిప్రాయమేమి, ఏయే మార్పులు కోరుచున్నారు అనునవి స్పష్టముగా వ్రాయవలెను. ఆ భూమిలో గాని, వ్యాపారములో గాని తనకో తన బంధువులకో సంబంధము గల సభ్యుడు ఆ విషయమును ముందే చెప్పి చర్చనుండి తప్పుకొనుట గౌరవము. కారణములు వ్రాసిన తీర్మానమును పై అధికారి సులభముగా త్రోసివేయజాలడు. న్యాయస్థానమునకు పోయినను అది నిలుచును. దరఖాస్తుదారునకును ఏది సవరింపవలెనో తెలియును. జాప్యము చేసి అతనిని త్రిప్పుట వలన గ్రామమునకు లాభము లేదు.

1993లో అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణము పంచాయతీలకు రాజ్యాంగబద్ధమైన స్థానము కల్పించినది. ఆ స్థానమునకు తగిన పని పెద్ద సభలలోనే జరుగదు. ఒక ఉదయము పటమును చేతబట్టి, సర్వేయరుతో కలిసి, పొలముగట్టున నడచి, ఇచ్చట గెడ్డ యున్నది, ఇచ్చట దారి యున్నది యని గుర్తు పెట్టించుటలో జరుగును. పొలము ఒకసారి ప్లాటైన పిదప మరల పొలము కాదు. కావున ఆ ఒక్కసారి చేయు విభజన సక్రమముగా జరుగునట్లు చూచి, రాబోవు తరముల వారికి నీరు పారు గెడ్డను, పిల్లలాడు స్థలమును, నడచు దారిని మిగిల్చిపోవుట పంచాయతీ సభ్యుల ధర్మము.