పుట్టిన బిడ్డ చల్లబడుట: ఆసుపత్రి పనిని మెరుగుపరచు విధానము

మే నెలలో జి. కొండూరు మీదుగా పోవువారికి చలి అను మాట జ్ఞప్తికి రాదు. నూజివీడు సీమ మామిడికాయల లారీలు నున్న మార్కెట్టునకు సాగుచుండును. ఎండ నిప్పులు చెరుగుచుండును. అట్టి ఊరిలో, అట్టి దినమున, అప్పుడే పుట్టిన బిడ్డ చల్లబడి ప్రాణాపాయము పొందవచ్చునన్నచో నమ్ముట కష్టము. కాని అది నిజము.

బిడ్డ పుట్టునప్పుడు ఒడలంతయు తడిసి యుండును. తడి ఆరుటకు వేడి కావలెను. ఆ వేడిలో అధిక భాగము బిడ్డ దేహము నుండియే పోవును. చర్మపు వేడిమి వద్ద ఒక గ్రాము నీరు ఆవిరి యగుటకు సుమారు 580 కేలరీలు పట్టును. 3 కిలోగ్రాముల బిడ్డ ఒక సెంటిగ్రేడు డిగ్రీ చల్లబడుటకు కోల్పోవలసినది సుమారు 2,500 కేలరీలు. లెక్క కట్టి చూడుడు: 5 గ్రాముల తడి ఆరుటకు కావలసిన వేడి యంతయు దేహము నుండియే పోయినచో, బిడ్డ ఒక డిగ్రీకి మించి చల్లబడును. బరువుతో పోల్చినచో శిశువు చర్మ వైశాల్యము పెద్దవారి కంటె చాల హెచ్చు. పెద్దవారివలె వణకి వేడి పుట్టించుకొను శక్తియు శిశువునకు లేదు. పంకా తిరుగుచున్నచో ఆవిరి మరింత వేగముగ పోవును. దేహపు వేడిమి 36.5 డిగ్రీల కంటె దిగువకు పోయినచో దానిని అల్పోష్ణత అందురు. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డలకు ఇది మృత్యుహేతువు కావచ్చును.

నివారణోపాయము సులభమైనదే. పుట్టిన వెంటనే బిడ్డను పొడిగుడ్డతో తుడిచి, ఆ తడిగుడ్డను తీసివేసి, తల్లి ఎదపై చర్మమునకు చర్మము తగులునట్లు పరుండబెట్టి, మరొక పొడిగుడ్డ కప్పవలెను. పంకా ఆపవలెను. నర్సులందరు చదువుకొన్న పాఠమే ఇది. తెలిసిన పని జరుగకపోవుటకు కారణమేమి? ఇట్టి ప్రశ్నకు సమాధానము వెదకుటయే ‘నాణ్యతాభివృద్ధి’ అను శాస్త్రము చేయు పని.

ఒక చిన్న ఆరోగ్య కేంద్రమును ఊహింతము. ఒక నెలలో అక్కడ పుట్టిన 20 మంది బిడ్డలలో 8 మంది, గంట గడచునప్పటికి, 36.5 డిగ్రీల దిగువ నుండిరనుకొందము. ఇట్టి సందర్భమున పైనుండి ఒక సర్క్యులరు వచ్చుట, దానిని నోటీసు బోర్డుకు అంటించుట పరిపాటి. దానివలన బిడ్డలు వెచ్చబడిన జాడ నాకు తెలిసినంతలో ఎచ్చటను లేదు. నాణ్యతాభివృద్ధి మార్గము వేరు. డాక్టరు, నర్సులు, ఆయా కలిసి కూర్చుండి మూడు ప్రశ్నలు వేసికొందురు. మనము సాధింపదలచినదేమి, ఎప్పటిలోగా? మెరుగుపడినదని తెలియుట యెట్లు? ఏ మార్పు చేసినచో మెరుగుపడును? మొదటిదానికి ‘బిడ్డలను బాగుగ చూచుట’ అనునది జవాబు కాదు. ‘మూడు నెలలలో 8 మందిని 2కు తగ్గించుట’ అనునది జవాబు. ఎవరు ఏ పని చేయవలెనో, థర్మామీటరు ఎవరు పెట్టవలెనో పేర్లతో సహా వ్రాసికొందురు.

పిమ్మట పని ఎచ్చట జారిపోవుచున్నదో చూతురు. గుడ్డలు బీరువాలో ఉన్నవి. తాళపుచెవి పగటి నర్సు వద్ద నున్నది. బిడ్డలేమో రాత్రి పుట్టుచున్నారు! ఇట్టి సంగతి సాధారణముగ బయటపెట్టునది ఆయాయే. అందుచేత ఆమె లేని సమావేశము వ్యర్థము. ప్రతి కాన్పునకు ముందే రెండు పొడిగుడ్డలు బల్లపై సిద్ధముగ ఉంచుట అను మార్పును ఒక వారము, రాత్రి వేళ మాత్రమే చేసి చూతురు. మన మామిడి రైతు తేనెమంచు పురుగునకు క్రొత్త మందు వచ్చినచో తోటంతటికి ఒకేసారి కొట్టడు. రెండు వరుసలకు కొట్టి చూచును. ఇదియు అట్టిదే. ఫలితము కనబడినచో పగటివేళకును విస్తరింపజేయుదురు, లేనిచో సవరింతురు. ప్రణాళిక, ఆచరణ, పరిశీలన, సవరణ అను ఈ చక్రమునకు మూలము అమెరికా దేశపు వాల్టర్ షూహార్ట్ కర్మాగారముల కొరకు చేసిన పరిశోధనలలో ఉన్నది. డెమింగ్ అను గణాంక శాస్త్రజ్ఞుడు 1950లో జపానులో ఇట్టి పద్ధతులను బోధించెను. ఆసుపత్రులకు ఇవి తరువాత వచ్చినవి. పరిశీలనకు గొప్ప పరికరములు అక్కరలేదు. హైస్కూలు గ్రాఫు కాగితముపై వారమునకొక చుక్క పెట్టిన చాలును. ఒక్క చుక్క క్రిందికి దిగినంతనే సంతోషింపరాదు. అది యాదృచ్ఛికము కావచ్చును. వరుసగ అనేక చుక్కలు దిగువనే నిలిచినప్పుడు మార్పు నిజమనవచ్చును.

ఈ పద్ధతి మన రాష్ట్రములలోనే పెద్దయెత్తున పరీక్షింపబడినది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలోని 85 ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులలో నవజాత శిశుసేవను మెరుగుపరచుట ఉద్దేశముగ ‘సేఫ్ కేర్, సేవింగ్ లైవ్స్’ అను కార్యక్రమము నడచినది. దానిలో పాల్గొన్న 29 ఆసుపత్రులను, తరువాత పాల్గొనవలసిన 31 ఆసుపత్రులతో బయటి పరిశోధకులు పోల్చిరి. ఫలితములు 2021లో ప్రకటింపబడినవి. మృత శిశు జననములందు గాని, పుట్టిన 7, 28 దినములలోని మరణములందు గాని, పరిశీలించిన 20 సేవావిధుల ఆచరణయందు గాని కార్యక్రమ ప్రభావము కానరాలేదు.

ఫలితము నిరాశాజనకమే యైనను, దానిని దాచక ప్రకటించుట మెచ్చదగిన పని. పొడిగుడ్డ పనిచేయదని దీని అర్థము కాదు. చేరిన ఆసుపత్రులలో పలుచోట్ల ఈ పని చురుకుగ సాగనేలేదు. సాగని మార్పునకు ఫలితము కొలుచుట యెట్లు? పురిటి గదిలో ఒకే నర్సు ముగ్గురు తల్లులను కనిపెట్టవలసిన రాత్రి, థర్మామీటరు లెక్క వ్రాయుటకు తీరిక ఉండదు. కనుక నేనైనచో మొదట గుడ్డల లెక్క అడుగను, డ్యూటీ పట్టికను అడుగుదును. వారమునకు అరగంట సమావేశమునకు నర్సును, ఆయాను పంపి, ఆ అరగంట వారి స్థానమున ఎవరుందురో అందులో వ్రాసియున్నదా? వ్రాసియుండనిచో గోడమీది గ్రాఫులో చుక్కలు రెండవ నెలలోనే ఆగిపోవును.