పెద్ద సంస్థల పనిముట్లు - మన చిన్న పనులు



మన పల్లెల బిడ్డలనేకులు నేడు సాఫ్ట్‌వేరు వ్రాయుచున్నారు. నేనును ఆ వృత్తిలోనివాడనే. పాలసంఘమునకో, పరపతి సంఘమునకో లెక్కల ప్రోగ్రాము వ్రాయింపదలచినపుడు ఖర్చు సంఘముదే గనుక, అందలి యొక విషయమును మీకు విన్నవించుచున్నాను.

లెక్కలు ఒక కంప్యూటరులో నుండును. చూచువాని చేతిలో ఫోను ఉండును. ఫోను ఎట్లడుగవలెనో, కంప్యూటరు ఎట్లు బదులీయవలెనో నిర్ణయించు నొడంబడికను ఎ.పి.ఐ. అందురు. 2000లో రాయ్ ఫీల్డింగు తన పరిశోధనా వ్యాసమున వివరించిన 'రెస్ట్' పద్ధతి మిక్కిలి వాడుకలో నున్నది. అందు ప్రతి విషయమునకు నొక చిరునామా యుండును. అచట నడిగినచో నా విషయము వచ్చును.

ఫేస్‌బుక్కువారు 2012లో తమ ఫోను యాప్ కొఱకు గ్రాఫ్‌క్యూఎల్ అను పద్ధతిని కల్పించుకొని, 2015లో లోకమునకు విడుదల చేసిరి. అడుగువాడు తనకు వలసిన యంశములకు మాత్రమే పట్టీ వ్రాసి, అన్నిటిని ఒక్కమాఱే తెప్పించుకొనవచ్చును. గూగుల్ వారు 2015లోనే జీఆర్‌పీసీని వెలువరించిరి. కంప్యూటరులు తమలో తాము త్వరగా మాటాడుకొనుటకు వారు లోపల వాడుచుండిన పద్ధతికి ఇది వారసు.

రెండును మంచివే. కోట్లకొలది జనము వాడు చోట, వేర్వేరు బృందములు పనిచేయు చోట, వాని యవసరము నిజమైనది. కాని వానికి వెల గలదు. గ్రాఫ్‌క్యూఎల్‌లో హద్దు కట్టకున్నచో, మితిమీరిన ప్రశ్న యొక్కటియే కంప్యూటరును క్రుంగదీయవచ్చును. ప్రశ్నలన్నియు సాధారణముగా నొకే చిరునామాకు బోవుటచే, వచ్చిన జవాబును దారిలో నిలువచేసి మరల నందించు సౌకర్యమును తగ్గును. జీఆర్‌పీసీ సందేశము మనుష్యుడు కంటితో చదువదగినది కాదు. బ్రౌజరు దానితో సూటిగా మాటాడలేదు, నడుమ దుబాసి కావలెను.

మూడువందల సభ్యుల పాలసంఘ మున్నదనుకొందము. పోసిన పాలెన్ని, వెన్న శాతమెంత, రావలసిన సొమ్మెంత - అడుగవలసిన ప్రశ్న లివే. దీనికి రెస్ట్ చాలును. ఇంతకు మించినది పిచ్చుకపై బ్రహ్మాస్త్రమే. వ్రాసిన యువకుడు రేపు వేఱూరు పోవచ్చును. అపుడు మఱియొకడు దానిని చదివి బాగుచేయలేకున్నచో, నిలిచిపోవునది పాలుపోసిన రైతు సొమ్ము.

కావున మీ సంఘమున నెవరైన క్రొత్త పద్ధతి పేరు చెప్పినపుడు రెండు మాటలు అడుగుడు: "ఇది ఏ బాధను తీర్చుటకు పుట్టినది? ఆ బాధ మనకున్నదా?" ఉన్నదని లెక్కతో చూపినచో సంతోషముగా నొప్పుకొనుడు. లేనిచో, తెలిసిన దారియే మేలు.