దిగుడులో బండిని పట్టేదెవరు?

ఎక్కుడు కష్టం, దిగుడు సుఖం అంటాం. కాళ్లతో నడిచేవాడికి ఆ మాట సరిపోతుంది. నాలుగు టన్నుల బరువును వెనక పెట్టుకుని కొండ దిగే గుర్రానికి సరిపోదు. ఎక్కేటప్పుడు అలసిపోతే ఆగొచ్చు, చక్రం కింద రాయి పెట్టి ఊపిరి పీల్చుకోవచ్చు. దిగేటప్పుడు ఆగడం దాని చేతిలో లేదు. అందుకే గుర్రపు బండికి బ్రేకు కావలసి వచ్చింది. ఆ బ్రేకు ఎలా పనిచేస్తుందో, అలాగే ఎందుకు తయారైందో నిదానంగా చూద్దాం.

గుర్రం ఆగితే బండి ఆగదా?

ఆగదు. గుర్రానికీ బండికీ మధ్య ఉండేవి లాగుడు గొలుసులు, తోలు పట్టీలు. అవి లాగడానికే పనికొస్తాయి. గుర్రం నిలబడగానే అవి వదులైపోతాయి, బండి మాత్రం తన దారిన తాను ముందుకు వస్తుంది. దాన్ని ఆపడానికి గుర్రం తొడల వెనక నుంచి ఒక వెడల్పాటి తోలు పట్టీ కడతారు. దాన్ని నొగకు కలుపుతారు. బండి ముందుకు నెట్టినప్పుడు గుర్రం కూర్చోబోతున్నట్టు ఆ పట్టీలోకి వెనక్కి వాలుతుంది. ముందుకాళ్లు చాచి, గిట్టలు నేలలో దించి, ఒంటి బరువంతా వెనక్కి వేస్తుంది. నాలుగు గుర్రాలు కట్టినా ఆరు కట్టినా ఈ పని చేయగలిగేది నొగకు అటూ ఇటూ ఉన్న చివరి జత ఒక్కటే. ముందున్న జతలు ఎక్కుడులో ఎంత లాగినా, దిగుడులో ఊరికే నడుస్తాయి.

ఆ చివరి జత మీద ఎంత భారం పడుతుందో లెక్క వేస్తే తెలుస్తుంది. బండి, సరుకు కలిపి 4 టన్నులు అనుకుందాం. పది అడుగులకు ఒక అడుగు దిగే వాలు. బండిని కిందికి తోసే బలం 400 కిలోల బరువుకు సమానం. మట్టి దారిలో చక్రాలు దొర్లడానికే కొంత బలం పోతుంది కదా, దానికి 100 తీసేద్దాం. మిగిలింది 300. గుర్రం అలసిపోకుండా చాలాసేపు పెట్టగల బలం దాని బరువులో సుమారు పదో వంతు. 700 కిలోల గుర్రాలు రెండు కలిసి 140 వరకూ ఆపుతాయి. ఇంకా 160 మిగిలింది. దాన్ని పట్టేదే బ్రేకు.

ఆ బ్రేకు ఎలా ఉండేది?

దీనికి కానెస్టోగా బండిని మించిన ఉదాహరణ నాకు తోచదు. 18వ శతాబ్దంలో అమెరికాలోని పెన్సిల్వేనియాలో, లాంకాస్టర్ ప్రాంతంలో స్థిరపడిన జర్మన్ కుటుంబాల వడ్రంగులు, కమ్మరులు కలిసి తయారుచేసిన సరుకు బండి అది. ఫిలడెల్ఫియా నుంచి అలెఘెనీ కొండలు దాటి పిట్స్‌బర్గ్‌కు సరుకు మోసింది. నేడు న్యూజెర్సీ నుంచి పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి గుడికి కార్లలో వెళ్లే తెలుగువాళ్లు దాటేది ఈ కొండలనే. 1940లో తెరిచిన టర్న్‌పైక్ రహదారికి సొరంగాలున్నాయి కాబట్టి కొండ ఎక్కిన సంగతీ దిగిన సంగతీ పెద్దగా తెలియదు. ఆ బండ్లకు సొరంగాలు లేవు. ప్రతి కొండనూ ఎక్కి, మళ్లీ దిగాలి.

బండి అడుగు పడవలా మధ్యలో కిందికి వంగి ఉంటుంది. వాలులో సరుకు ముందుకో వెనక్కో జారి చివరి పలకల మీద పడకుండా, నడిమికే సర్దుకోవాలని అలా చేశారు. తోలేవాడికి ముందు సీటు లేదు. ఎడమవైపు చివరి గుర్రం మీద ఎక్కేవాడు, లేదా ఎడమ పక్కన నడిచేవాడు. కాళ్లు పీకితే బండి కింద నుంచి ఒక గట్టి పలకను బయటికి లాగి, దాని మీద కూర్చునేవాడు. దాన్ని ‘లేజీ బోర్డు’ అన్నారు. సోమరి పలక అన్నమాట. ఆ పేరు నాకు నచ్చదు. కొండ దిగేటప్పుడు అక్కడ కూర్చున్న మనిషికి ఒక చేతిలో పగ్గం, రెండో చేతిలో బ్రేకు. బ్రేకు మీట ఎడమవైపే ఉండటానికీ కారణం ఇదే, మనిషి ఉండేది అటువైపు కాబట్టి.

బ్రేకులో ఉన్నవి చాలా తక్కువ. వెనక చక్రాలకు ఎదురుగా బండి వెడల్పునా ఒక అడ్డకర్ర. దాని రెండు కొసలకూ చెక్క దిమ్మలు. అడ్డకర్రను కదిపే ఒక ఇనుప కడ్డీ. ఆ కడ్డీకి పొడవాటి మీట. మీట పై కొసను పట్టి అడుగు దూరం లాగితే కింద దిమ్మలు ఒక అంగుళం కదులుతాయి. దూరం ఎంత తగ్గితే బలం అంత పెరుగుతుంది. పన్నెండింతలు కాకపోయినా పదింతలు అనుకుంటే, మనిషి 30 కిలోల బలంతో లాగితే దిమ్మలు 300 కిలోల బలంతో చక్రాలను నొక్కుతాయి. చక్రం చుట్టూ ఉన్న ఇనుప పట్టా మీద చెక్క రాపిడి ఆ నొక్కుడులో పదింట నాలుగు వంతులు అనుకుంటే 120. ఒంటి బరువంతా మీట మీద వేసి 50 కిలోలు చేస్తే 200. మనకు కావలసిన 160 అందులో ఉంది. అయితే వాన పడి చెక్క తడిస్తే పట్టు బాగా తగ్గిపోతుంది. ఆ మాట మనసులో పెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

ఇనుము కాకుండా చెక్క ఎందుకు?

ఇనుము మీద ఇనుము జారుతుంది, పైగా రెండూ అరుగుతాయి. చక్రం పట్టా అరిగితే కమ్మరి కొలిమి దాకా వెళ్లాలి. చెక్క దిమ్మ అరిగితే గొడ్డలితో మరో దిమ్మ చెక్కి బిగించుకోవచ్చు. దిమ్మ మీద తోలు ముక్కలు కొట్టడం కూడా ఉండేది. తోలు గట్టిగా పడుతుంది, కీచుమని అరవదు. ఖరీదైనదాన్ని కాపాడటానికి చవకైనది అరిగేలా చేయడం నాకు ఇందులో చాలా ఇష్టమైన సంగతి.

ఇంకో కారణం వేడి. 4 టన్నుల బండి 100 మీటర్ల ఎత్తు నుంచి దిగితే, ఆ దిగుడులో పుట్టే వేడి సుమారు 12 లీటర్ల నీళ్లను మరిగించడానికి సరిపోతుంది. అది కొంత దారిలోకి, కొంత గుర్రాల కండల్లోకి, కొంత బ్రేకులోకి పోతుంది. ఇనుప పట్టాను చక్రానికి ఎలా ఎక్కిస్తారో మన ఊళ్లలో చూసినవాళ్లకు తెలుసు. నిప్పుల్లో ఎర్రగా కాల్చి, సాగిన పట్టాను చక్రం మీద దించి, వెంటనే నీళ్లు పోస్తారు. పొగ, ఆవిరి, చిటపటలు. పట్టా కుంచించుకుని చక్రాన్ని బిగబట్టుకుంటుంది. మరి దిగుడులో అదే పట్టా బ్రేకు రాపిడికి మళ్లీ వేడెక్కితే? సాగి, వదులయ్యే ప్రమాదం ఉంది. కాబట్టి పొడవైన కొండ దిగేటప్పుడు తెలిసినవాడు మీటను ఒకే పట్టు పట్టి ఉంచడు. పడతాడు, వదులుతాడు, మధ్యలో బండి ఆపి చల్లారనిస్తాడు.

వెనక చక్రాలకే ఎందుకు?

ముందు చక్రాలు ఇరుసుతో సహా అటూ ఇటూ తిరుగుతాయి. వాటికి కడ్డీలు కలిపితే మలుపులో మెలిపడతాయి. వెనక ఇరుసు కదలదు. అంతకంటే ముఖ్యమైనది ఇంకోటుంది. వెనక నుంచి పడితే బండి సాగదీసిన తాడులా తిన్నగా ఉంటుంది. ముందు పట్టి వెనక వదిలేస్తే, వెనకభాగం పక్కకు తిరిగి ముందుభాగాన్ని దాటబోతుంది.

మీట చాలనప్పుడు ఏం చేసేవారు?

వాన పడింది, చెక్క తడిసింది, వాలు నిటారుగా ఉంది. అప్పుడు చక్రాన్ని తిరగనివ్వకుండా కట్టేయడమే దారి. నిజానికి మీట బ్రేకు కంటే ఇదే పాతది. గొలుసును చక్రం ఆకుల మధ్య నుంచి దూర్చి బండికి కడితే చక్రం తిరగకుండా ఈడ్చుకుంటూ వస్తుంది. ఒక్క వెనక చక్రం మీద టన్ను బరువుందనుకుంటే, మట్టి మీద ఈడ్పు 400 కిలోల పైనే ఉండొచ్చు. మన లెక్కలో ఆపవలసింది 300 మాత్రమే. అంటే గుర్రాలు దిగుడులో కూడా బండిని కొంచెం లాగాలి. తోలేవాడికి కావలసింది అదే. వెనక నుంచి తోస్తున్న బండి కంటే లాగవలసిన బండి ఎప్పుడూ నయం.

అయితే కట్టేసిన చక్రం ఒకేచోట నేలకు రాసుకుని, పట్టా అక్కడ చదునైపోతుంది. అందుకని చక్రం కింద ఇనుప చెప్పు పెట్టారు. కాలువలా వంగిన మందపాటి ఇనుప పలక అది, గొలుసుతో బండికి కట్టి ఉంటుంది. చక్రం దాని మీదికి ఎక్కి కూర్చుంటుంది, అరిగేది చెప్పు. కొండ కింద బండిని కాస్త వెనక్కి జరిపి దాన్ని తీయాలి. అప్పటికి చెయ్యి కాలేంత వేడిగా ఉంటుంది.

గుర్రమే బ్రేకు వేసుకోలేదా?

ఈ ఆలోచన కూడా చేశారు. 19వ శతాబ్దంలో అమెరికాలో ఇలాంటి బ్రేకులకు పేటెంట్లు చాలానే తీసుకున్నారు. నొగను బండికి బిగించేయకుండా కొన్ని అంగుళాలు ముందుకూ వెనక్కూ జరిగేలా అమర్చారు. గుర్రాలు వెనక్కి వాలగానే బండి నొగ మీదికి తోసుకొస్తుంది, నొగ వెనక్కి జరుగుతుంది, ఆ కదలికే దిమ్మలను చక్రాలకు నొక్కుతుంది. వాలు పెరిగితే తోపుడు పెరుగుతుంది, బ్రేకూ పెరుగుతుంది. మనిషి చెయ్యి అక్కర్లేదు. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, బండిని వెనక్కి నడిపించాలన్నా గుర్రాలు నొగను వెనక్కే నెట్టాలి. బ్రేకు పడి బండి కదలదు. దానికి అడ్డంగా ఒక సీల పెట్టి, వెనక్కి నడిపేటప్పుడు బ్రేకును విడదీయాల్సి వచ్చింది. నేడు అమెరికాలో కార్ల వెనక కట్టే పడవల ట్రైలర్లలో చాలావాటికి ఉన్నది ఈ ఏర్పాటే, మధ్యలో నూనె గొట్టం చేరింది, అంతే. నా మట్టుకు నాకు దీనికంటే చేతి మీటే మేలనిపిస్తుంది. దీనిలో గుర్రం తోపుడును ముందు తాను భరిస్తేనే బ్రేకు పడుతుంది. మీటలో మనిషి వాలును ముందే చూసి, గుర్రానికి భారం తగలకముందే పట్టుకోగలడు.

1883 నుంచి 1889 వరకు కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీ నుంచి బోరాక్స్ ఖనిజం మోసిన బండ్ల సంగతి చూస్తే మనిషి విలువ తెలుస్తుంది. రెండు బండ్లు, ఒక నీళ్ల తొట్టి వరసగా కట్టి, మొత్తం సుమారు 33 టన్నుల బరువును 20 జంతువుల జట్టు లాగేది. ఎక్కువ కంచరగాడిదలే. వెనక చక్రాల ఎత్తు 7 అడుగులు. మొహావే రైలు స్టేషన్‌కు 165 మైళ్ల ఎడారి దారి. ఆ జట్టుకు ఉన్నది ఇద్దరే మనుషులు. ఒకడు తోలితే, దిగుడులో రెండోవాడు వెనక బండి బ్రేకు దగ్గర ఉండేవాడు.

కానెస్టోగా బండి పుట్టిన లాంకాస్టర్‌లో గుర్రపు బండ్లు నేటికీ తిరుగుతున్నాయి. సొంత కారు వద్దనుకున్న ఆమిష్ క్రైస్తవ కుటుంబాలు బగ్గీలకు కాలితో తొక్కే హైడ్రాలిక్ బ్రేకులు పెట్టుకున్నాయి. వేగంగా వచ్చే కార్ల మధ్య నడవాలి కాబట్టి అది అవసరం.

ఇంతా చెప్పాక మన టైరు బండి గుర్తుకొస్తుంది. రబ్బరు చక్రం, బేరింగు వచ్చాక ఎడ్లకు లాగడం తేలికైంది, మంచిదే. కానీ పైన వేసిన లెక్కలో దారి మనకు తగ్గించి పెట్టిన 100 కిలోల్లో కొంత ఆ తేలికలోనే పోతుంది. దొర్లడం ఎంత సులువైతే దిగుడు అంత బరువు. చెరకు నింపిన బండి గట్టు దిగేటప్పుడు చూడండి. కాడి మెడ మీద నుంచి జారి కొమ్ముల మొదట్లోకి వస్తుంది, ఎడ్లు తలలు పైకెత్తి, కాళ్లు తన్నిపెట్టి, కళ్లు తేలేసి నిలదొక్కుకుంటాయి. వాటికి తొడల వెనక పట్టీ కూడా లేదు. బండి ఉన్నవాళ్లను నేను కోరేది ఒక్కటే. ఈసారి వడ్రంగి దగ్గరికో వెల్డింగ్ షాపుకో వెళ్లినప్పుడు ఒక అడ్డకర్ర, రెండు దిమ్మలు, ఒక మీట పెట్టించండి.