మృత సముద్రం ఒడ్డున లూత్ గుహ: అక్కడ ఏముంది, ఏం లేదు?

బైతుల్ మఖ్దిస్ జియారత్‌కు వెళ్లే కుటుంబాలు చాలావరకు జోర్డాన్‌లో కూడా ఆగుతాయి. అమ్మాన్ దగ్గర అస్‌హాబె కహఫ్ గుహ, కరక్ దగ్గర మూతా యుద్ధంలో షహీదులైన హజ్రత్ జాఫర్, హజ్రత్ జైద్, హజ్రత్ అబ్దుల్లా బిన్ రవాహా (రజి) మజార్లు అందరికీ తెలిసినవే. మృత సముద్రం దక్షిణ కొసన, సాఫీ అనే ఊరికి ఎగువన కొండవాలులో ఉన్న లూత్ గుహ పేరు మాత్రం అంతగా వినబడదు. చూడాలనుకునేవాళ్లు ముందుగా కొన్ని సంగతులు తెలుసుకొని వెళితే మంచిది. ప్రవక్తల పేరు మీద గైడు ఏం చెప్పినా నమ్మేసే అలవాటు మనలో కొంచెం ఎక్కువే మరి.

ఆ చోటును స్థానికులు దైర్ ఐన్ అబాతా అంటారు. దైర్ అంటే క్రైస్తవ మఠం, ఐన్ అంటే ఊట. చుట్టూ ఎండిన కొండలు, కింద ఉప్పు నీళ్లు. మృత సముద్రం నీటిమట్టం మామూలు సముద్రాల కంటే 400 మీటర్లకు పైగా లోతున ఉంటుంది. అలాంటి చోట ఒక మంచినీటి ఊట ఉంటే మనుషులు దాన్ని వదులుతారా? మఠం అక్కడ ఎందుకు నిలబడగలిగిందో ఆ పేరే చెబుతోంది.

ఈ చోటు ఎన్నో వందల ఏళ్లు ఎవరికీ పట్టకుండా పోయింది. కానీ ఒక ఆధారం మాత్రం మిగిలింది. జోర్డాన్‌లోనే మాదబా పట్టణంలోని ఒక చర్చి నేల మీద, 6వ శతాబ్దంలో రంగు రాళ్లతో పేర్చిన పటం ఉంది. అందులో మృత సముద్రం కొస దగ్గర లూత్ పేరుతో ఒక చర్చిని గుర్తించారు. 1980లలో ఈ కొండ మీద శిథిలాలు బయటపడ్డాక, బ్రిటిష్ మ్యూజియం తోడ్పాటుతో పురావస్తు నిపుణుడు కాన్‌స్టాంటినోస్ పొలిటిస్ ఏళ్ల తరబడి తవ్వకాలు జరిపారు. మూడు వరసల చర్చి, సన్యాసుల గదులు, నీళ్లు నిలవచేసే పెద్ద తొట్టి బయటపడ్డాయి. చర్చి ఎడమ వరస చివర ఒక గుమ్మం, దాని లోపల చిన్న గుహ! అంటే గుహ కోసమే చర్చిని కొండకు ఆనించి కట్టారన్నమాట. శిథిలాల్లో దొరికిన గ్రీకు రాతల్లో లూత్ పేరు కూడా ఉంది.

అయితే ఇక్కడే ఒక మాట విడదీసి అర్థం చేసుకోవాలి. తవ్వకాలు రుజువు చేసింది ఒక్కటే: ఆ కాలపు క్రైస్తవులు ఇది లూత్ (అలై) గుహ అని నమ్మి జియారత్‌కు వచ్చేవారు. ఆయన నిజంగా ఇక్కడే ఉన్నారని ఏ రాయీ చెప్పలేదు. గుహలో వేల ఏళ్లనాటి కంచుయుగపు కుండలు దొరికిన మాట నిజమే. మనుషులు అక్కడ మసిలారని అవి చెబుతాయి గానీ, ఎవరు మసిలారో చెప్పవు.

గుహ కథ వచ్చింది బైబిల్ నుంచి. శిక్ష పడిన తర్వాత లూత్ తన కూతుళ్లతో కొండ గుహలో ఉన్నారని అందులో ఉంది. ఆ తర్వాత వాళ్ల గురించి రాసిన ఘట్టాన్ని ముస్లింలు ఒప్పుకోరు. దివ్య ఖుర్ఆన్‌లో హూద్, హిజ్ర్, షుఅరా, అన్‌కబూత్ సూరాల్లో లూత్ (అలై) ప్రస్తావన ఉంది. ఆయన రాత్రివేళ ఇంటివాళ్లను తీసుకొని బయలుదేరడం, భార్య వెనకబడి నాశనమవడం ఉన్నాయి. గుహ లేదు. మృత సముద్రం పేరూ లేదు. హైవే పక్కన నిలువు రాయి ఒకటి చూపించి "లూత్ భార్య ఇలా ఉప్పు స్తంభమైపోయింది" అని డ్రైవర్లు చెబుతుంటారు. అదీ ఖుర్ఆన్ మాట కాదు. పిల్లలు అడిగితే ఇదంతా విడమరిచి చెప్పాలి. పైగా లూత్ (అలై) మజార్ అని ఫలస్తీన్‌లో అల్ ఖలీల్ దగ్గర బనీ నయీమ్‌లో ఇంకో చోటు ఉంది.

మరి అంత దూరం పోయి చూడాల్సింది ఏముంది? నేల ఉంది. ఆ చర్చి నేల మీద రంగు రాళ్ల పనిలో రెండు తేదీలు చదవగలిగారు. ఒకటి 606. దైవప్రవక్త ముహమ్మద్ (స) మక్కాలో ఇంకా దావత్ మొదలుపెట్టని కాలం. రెండోది 691. అప్పటికి షామ్ ముస్లింల పాలన కిందికి వచ్చి యాభై ఏళ్లు దాటింది, ఖలీఫా అబ్దుల్ మలిక్ బిన్ మర్వాన్ ఏలుబడి. జెరూసలేంలో ఖుబ్బతుస్ సఖ్రా మీద రాసిన హిజ్రీ 72 సంవత్సరం కూడా సరిగ్గా ఆ రోజులదే. అటు ఖలీఫా ఆ గుంబద్ కట్టిస్తుంటే, ఇటు ఆయన రాజ్యంలోనే ఎడారి మూలన సన్యాసులు తమ చర్చి నేలకు కొత్త రాళ్లు పరుచుకుంటున్నారు. ముస్లింలు రాగానే చర్చిలన్నీ కూలిపోయాయని వాట్సాప్‌లో వచ్చే కథలకు ఆ నేల ఒక్కటే చాలినంత జవాబు. అబ్బాసీల కాలం దాకా అక్కడ మనుషులు ఉన్నారు.

అజాబ్ దిగిన ప్రాంతానికి విహారంగా వెళ్లవచ్చా అనే సందేహం కొందరికి వస్తుంది, అది సరైన సందేహమే. సమూద్ జాతి నివసించిన హిజ్ర్ మీదుగా పోతున్నప్పుడు, ఏడుస్తూ తప్ప అక్కడ ప్రవేశించవద్దని దైవప్రవక్త (స) సహాబాలను హెచ్చరించిన హదీసు బుఖారీలో ఉంది. లూత్ గుహ సంగతి కాస్త వేరు. నమ్మకం ప్రకారం చూసినా అది శిక్ష పడిన చోటు కాదు, బతికి బయటపడినవాళ్లు తలదాచుకున్న చోటు. అయినా మనసు ఒప్పకపోతే మీ ఆలిమ్‌ను అడిగి నిర్ణయించుకోండి. వెళ్లినా ఆ కింది లోయను చూస్తూ నవ్వుతూ సెల్ఫీలు దిగే చోటు మాత్రం కాదది.

పైకి మెట్లున్నాయి, కానీ ఎక్కువ. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను బలవంతం చేయొద్దు. ఎండాకాలం అక్కడ నిప్పులు కురుస్తాయి, నవంబర్ నుంచి మార్చి లోపు పొద్దున్నే వెళ్లడం నయం. నీళ్లు వెంట ఉండాలి. కొండ కిందే మ్యూజియం ఉంది, తవ్వకాల్లో దొరికిన వస్తువులు అక్కడ పెట్టారు. ముందు మ్యూజియం చూసి ఆ తర్వాత కొండెక్కితే, పైన ఏ రాయి ఏమిటో పిల్లలకు మీరే చెప్పగలరు.