వెనుక కూర్చున్నా హెల్మెట్ తప్పదు

కంచన్‌బాగ్: 2021 డిసెంబరులో ఒవైసీ కూడలి వద్ద అబ్దుల్ కలాం పైవంతెన ప్రారంభమయ్యాక మిధాని వైపు నుంచి వచ్చే వాహనదారులకు కూడలిలో నిరీక్షణ తప్పింది. ఆగకుండా సాగే దారిలో వేగం పెరగడం సహజం. బండి అదుపు తప్పితే వెనుక కూర్చున్నవారికీ తలకు గాయమయ్యే ముప్పు ఉంది. అయినా నడిపేవారికే హెల్మెట్ చాలునన్న భావన పలువురిలో ఉంది.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో హెల్మెట్ ధరించని 50,029 మంది ప్రమాదాల్లో మరణించారు. వారిలో 14,337 మంది వెనుక కూర్చున్నవారే.

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, తలపాగా ధరించే సిక్కులు మినహా నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరూ హెల్మెట్ ధరించాలి. ఉల్లంఘిస్తే రూ.1,000 జరిమానాతోపాటు మూడు నెలలు లైసెన్సుపై అనర్హత తప్పదు. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్లలోపు పిల్లలకు హెల్మెట్‌తోపాటు, నడిపేవారికి కలిపి కట్టే రక్షణ పట్టీ ఉండాలి. అప్పుడు వేగం గంటకు 40 కిలోమీటర్లు మించరాదు.

ఐఎస్ఐ గుర్తు ఉన్న హెల్మెట్‌నే కొనాలి. గడ్డం కింద పట్టీ బిగించకుంటే పడిన క్షణంలోనే అది ఊడిపోతుంది. గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్ లోపలి పొర అణిగిపోతుంది కనుక, పైకి పగులు కనిపించకున్నా మార్చుకోవాలి.