కప్పు కదల్లేదు... కట్టడం మారింది!

హాకీ అనగానే మనకు పచ్చటి మైదానం, వంపు తిరిగిన కర్ర, ధ్యాన్‌చంద్‌ గుర్తొస్తారు. అమెరికా, కెనడాల్లో మాత్రం ఆ మాట వింటే గుర్తొచ్చేది మంచు. కాళ్లకు స్కేట్లు కట్టుకుని, గడ్డకట్టిన నేలమీద రబ్బరు బిళ్లను తరుముతూ ఆడే ఐస్‌ హాకీ అది. ఆ ఆట కోసం సియాటెల్‌ నగరం ఆరు దశాబ్దాల నాటి క్రీడాభవనాన్ని సమూలంగా మార్చేసింది. పైకప్పును మాత్రం ముట్టుకోలేదు. సుమారు 20 వేల టన్నుల ఆ కప్పును అలాగే నిలబెట్టి, కింద నేలంతా తవ్వేసి, కొత్త స్టేడియం కట్టేసింది!

ఆ భవనం పుట్టింది ఆటల కోసం కాదు. 1962లో సియాటెల్‌లో ప్రపంచ ప్రదర్శన జరిగింది. నగరానికి గుర్తుగా నిలిచిన స్పేస్‌ నీడిల్‌ గోపురాన్ని కట్టింది ఆ సందర్భంలోనే. దాని పక్కనే పాల్‌ థీరీ అనే ఆర్కిటెక్ట్‌ విశాలమైన గుడారంలాంటి భవనానికి రూపమిచ్చారు. ప్రదర్శన ముగిశాక దాన్ని క్రీడాప్రాంగణంగా మార్చారు. 1964లోనూ 1966లోనూ బీటిల్స్‌ బృందం పాడింది ఇక్కడే. సూపర్‌సోనిక్స్‌ బాస్కెట్‌బాల్‌ జట్టుకి సొంత గడ్డా ఇదే.

వానొచ్చి ఆట ఆగింది

క్రికెట్‌ మ్యాచ్‌కి వాన అడ్డుపడటం మనకు కొత్తకాదు. పైకప్పున్న భవనంలో ఆడే బాస్కెట్‌బాల్‌కీ ఆ గతి పట్టింది. 1986 జనవరి 5న సూపర్‌సోనిక్స్‌, ఫీనిక్స్‌ సన్స్‌ జట్లు తలపడుతున్నాయి. బయట వాన. లోపల కప్పు కారడం మొదలైంది. తుడిచేకొద్దీ నీళ్లు పడుతూనే ఉన్నాయి. ఆటగాళ్లు జారుతుండటంతో రెండో క్వార్టర్‌లో మ్యాచ్‌ ఆపేసి మిగిలిన ఆట మర్నాడు ఆడించారు.

ఆ తర్వాత 1994-95లో పెద్దఎత్తున మరమ్మతులు చేశారు. నేలను లోతుకు దించి సీట్లు పెంచారు. కానీ, లోపలి కొలతలన్నీ బాస్కెట్‌బాల్‌కి సరిపోయేలా వేసుకున్నారు. ఆ కోర్టు పొడవు 94 అడుగులైతే హాకీ రింకు పొడవు 200 అడుగులు, వెడల్పు 85 అడుగులు. దాంతో హాకీ ఆడాల్సి వస్తే మంచు ఓ పక్కకి, స్కోరుబోర్డు మరో పక్కకి ఉండేవి. స్థానిక కుర్రాళ్ల జట్టు అలాగే సర్దుకుని ఆడి, చివరికి 2009లో పక్క ఊరికి వెళ్లిపోయింది. అంతకుముందే 2008లో సూపర్‌సోనిక్స్‌ జట్టునూ యజమానులు ఓక్లహామా సిటీకి తరలించారు. స్టేడియం పాతబడిపోయిందన్నది వాళ్లు చూపిన కారణాల్లో ఒకటి. 41 ఏళ్లు గుండెల్లో పెట్టుకున్న జట్టు వెళ్లిపోతే అభిమానులు కన్నీళ్లు పెట్టుకున్నారు.

కూల్చలేరు... అలాగని ఉంచలేరు

నేషనల్‌ హాకీ లీగ్‌లో చోటు దక్కాలంటే జట్టు ఒక్కటే ఉంటే చాలదు. పూర్తి కొలతల రింకు, చుట్టూ ఎక్కడినుంచి చూసినా ఆట కనిపించే సీట్లు, ఆటగాళ్లకు విశాలమైన గదులు, సామాన్ల లారీలు నేరుగా లోపలికొచ్చే దారి... అన్నీ ఉండాలి. పాత భవనంలో అవేవీ సరిగా లేవు. పోనీ పడగొడదామంటే 2017లో నగర వారసత్వ కట్టడాల మండలి దాన్ని కాపాడాల్సిన వాటిలో చేర్చింది. ఏటవాలు కప్పు, దాన్ని మోసే కాంక్రీటు ఊతాలు, చుట్టూ ఉన్న అద్దాల గోడ చెక్కుచెదరకూడదు.

మరి జనానికి ఆసక్తి ఉందా అన్న అనుమానం 2018 మార్చిలో తీరిపోయింది. ఇంకా పేరైనా పెట్టని జట్టుకి సీజన్‌ టికెట్ల బుకింగ్‌ తెరిస్తే 12 నిమిషాల్లో పదివేల మంది డిపాజిట్‌ కట్టేశారు. ఆ డిసెంబరులో లీగ్‌ పచ్చజెండా ఊపింది. ప్రవేశరుసుమే 65 కోట్ల డాలర్లు!

పని మొదలైంది. తాత్కాలికంగా ఉక్కు స్తంభాలు నిలిపి, కప్పు బరువును వాటిమీదికి మార్చారు. సియాటెల్‌ భూకంపాలొచ్చే ప్రాంతం కాబట్టి అడ్డంగానూ ఐమూలగానూ ఊతాలు బిగించారు. అద్దాలను జాగ్రత్తగా విప్పి దాచారు. ఆపైన దాదాపు ఆరు లక్షల ఘనపు గజాల మట్టి తవ్వి బయటికి తోలారు. ఆట జరిగే నేల వీధి మట్టానికి 53 అడుగుల లోతుకు చేరింది. లోపలి వైశాల్యం దాదాపు రెట్టింపైంది. కొత్త స్తంభాలు లేచాక కప్పు బరువును మళ్లీ వాటికి అప్పగించారు. నడుమ కరోనా వచ్చింది, అంచనాలు పెరిగాయి. మొదట 60 కోట్ల డాలర్లనుకున్న ఖర్చు 115 కోట్లకు చేరింది. భవనం నగరానిదే అయినా ఆ సొమ్ము పెట్టింది ప్రైవేటు సంస్థలే.

ఆ వానే ఇప్పుడు మంచు

పేరు హక్కులు కొన్న అమెజాన్‌ తన పేరు పెట్టుకోకుండా ‘క్లైమేట్‌ ప్లెడ్జ్‌ అరీనా’ అంది. పేరుకి తగ్గట్టే రోజువారీ అవసరాలకు గ్యాస్‌ వాడకుండా, అంతా కరెంటుతోనే నడిచేలా కట్టారు. మ్యాచ్‌ టికెట్‌ ఉంటే బస్సుకీ రైలుకీ వేరే టికెట్‌ అక్కర్లేకుండా ఏర్పాటు చేశారు. ఇక, అసలు విశేషం మంచుది. కప్పు మీద పడే వాన నీటిని తొట్టిలోకి పట్టి, శుద్ధిచేసి, దాంతో రింకు మీద మంచు తయారుచేస్తారు. ఒకప్పుడు ఆటను ఆపేసిన వానే ఇప్పుడు ఆటకు నేలైందన్నమాట!

2021 అక్టోబరు 23న సియాటెల్‌ క్రాకెన్‌ జట్టు ఇక్కడ తొలి మ్యాచ్‌ ఆడింది. వాంకూవర్‌ చేతిలో 4-2తో ఓడిపోయింది. అయితేనేం, ఆ రోజే 32 నంబరు జెర్సీని ఇక ఎవరూ వేసుకోకూడదని ప్రకటించి, ఆ నంబరున్న జెండాను పైకెత్తారు. అది ఏ ఆటగాడి గౌరవార్థమో కాదు... ముందుగా డిపాజిట్‌ కట్టి జట్టు కోసం ఎదురుచూసిన 32 వేల మందిది.

ఉద్యోగరీత్యా సియాటెల్‌ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో. అటువైపు వెళ్లినవాళ్లు స్పేస్‌ నీడిల్‌ ఎక్కి కిందికి చూస్తే ఆ ఏటవాలు కప్పు కనిపిస్తుంది. పైనుంచి చూస్తే అది అచ్చంగా 1962 నాటిదే. కొత్తదనమంతా దాని కిందే ఉంది!